ముందు ఏ ఊరి నీళ్లు తాగారో చెప్పండి

నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక రూపాయి బిళ్ల ఉంటుంది. నల్లగొండలో ఫిజియోథెరపిస్టుగా పని మొదలుపెట్టిన ఇన్నేళ్లలో మంచాలు మారాయి, యంత్రాలు మారాయి, అద్దె గది కూడా రెండుసార్లు మారింది గాని, ఆ బిళ్లతో అవసరం మాత్రం తీరలేదు. నడుమునొప్పితోనో మెడనొప్పితోనో వచ్చిన మనిషికి నలభై దాటి ఉంటే, బిళ్లను నేల మీద వేసి, మోకాళ్లు వంచకుండా తీసి ఇమ్మంటాను.

కిందటి నెలలో మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయనను ఆయన కొడుకు తీసుకొచ్చాడు. వయసు అరవై లోపే అయినా నడక చూస్తే డెబ్బై దాటినట్టు అనిపించింది. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. కూర్చోకముందే ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. అందులో తెల్లకోటు వేసుకున్న ఒకాయన, పక్కకు తిరిగి పడుకున్న మనిషి భుజాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, తుంటిని ఇంకో చేత్తో ఒక్క ఊపున తోశాడు. గదంతా వినిపించేలా చప్పుడైంది. పడుకున్న మనిషి లేచి నవ్వాడు. "మా నాయనకు గూడ ఇట్ల ఒక్కసారి టక్కుమనిపిస్తే అయిపోతది సార్. మీరు చేస్తరా? లేకపోతే సిటీల అపాయింట్‌మెంట్ తీస్కున్న, ఆడికే తోల్కపోత" అన్నాడు.

నేను పెద్దాయన వైపు తిరిగి, "చిన్నప్పుడు ఏ నీళ్లు తాగిండ్రు పెద్దయ్యా?" అని అడిగాను.

"బాయి నీళ్లు సారూ. ఎనకసిరి బోరింగు ఏసిండ్రు. కృష్ణ నీళ్లు వచ్చింది మొన్న మొన్ననే గద."

నీళ్లకూ నడుముకూ సంబంధమేమిటన్నట్టు కొడుకు నా వైపు చూశాడు. బిళ్లను నేల మీద వేశాను. పెద్దాయన వంగబోయారు గాని వీపు వంగలేదు. మెడ నుంచి నడుము దాకా ఒకే చెక్కపలకలాగా తుంటి దగ్గర కొద్దిగా ముందుకు వాలారు. వేలికొసలు మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయాయి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించమంటే మధ్యలో నాలుగు వేళ్ల సందు మిగిలింది. చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి, తల వెనుక భాగాన్ని ముట్టుకోమంటే చెవుల దగ్గరే ఆగిపోయారు. ఈ మూడు పరీక్షలు నా సొంతం కావు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను పట్టే జబ్బు ఫ్లోరోసిస్. దాని నివారణ కోసం 2008-09లో మొదలైన జాతీయ కార్యక్రమంలో క్షేత్రస్థాయి సిబ్బందికి నేర్పేవి ఇవే. వీటికి యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఒక రూపాయి చాలు.

పెద్దాయన సంగతి మళ్లీ చెబుతాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇలాంటి వీడియో ఒకటి చూసే వస్తున్నారు కాబట్టి, ముందు ఆ చప్పుడు ఏమిటో, కైరోప్రాక్టిక్ అనే ఆ చేతి వైద్యం ఎక్కడి నుంచి వచ్చిందో, దాని మీద జరిగిన పరిశోధన ఏమంటుందో వివరంగా రాయాలనిపించింది.

చప్పుడు ఎముకలది కాదు. వెన్నెముకలో పైపూస, కిందిపూస వెనుకవైపున రెండు చిన్న కీళ్లతో కలుస్తాయి. వేళ్ల కణుపుల్లో ఉన్నట్టే ఆ కీళ్లలోనూ జిగటైన ద్రవం, ఆ ద్రవంలో కరిగిన వాయువు ఉంటాయి. కీలు తలాలను ఒక్కసారిగా ఎడంగా లాగితే లోపల పీడనం పడిపోయి, ద్రవంలో ఒక బుడగ ఏర్పడుతుంది. ఆ బుడగ పుట్టడం వల్ల చప్పుడు వస్తుందా, పగలడం వల్ల వస్తుందా అన్నది ఒక చిన్న కథ. పుట్టడం వల్లనేనని 1947లో రోస్టన్, వీలర్ హేన్స్ అన్నారు. పగలడం వల్లనని 1971లో అన్స్‌వర్త్ బృందం అన్నది. నలభై ఏళ్లకు పైగా అందరూ రెండో మాటనే చెప్పుకున్నారు. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో గ్రెగరీ కావ్‌చుక్ బృందం ఒక మనిషి పది వేళ్లనూ ఒక్కొక్కటిగా ఎమ్మారై యంత్రంలో లాగి చూసింది. మూడో వంతు సెకను లోపే కీలులో ఖాళీ ఏర్పడడం, చప్పుడు తర్వాత కూడా అది అలాగే నిలిచి ఉండడం తెర మీద కనిపించాయి. 2018లో గణిత నమూనాతో వచ్చిన ఇంకో పత్రం మళ్లీ బుడగ కుంచించుకుపోవడం వైపే మొగ్గింది. ఏది గెలిచినా ఒక సంగతి మాత్రం మారదు: ఆ టక్కుమనే చప్పుడు గాలి బుడగది, చోటు తప్పిన పూస తిరిగి కూర్చున్నప్పుడు వచ్చేది కాదు.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చేసేవారికి కచ్చితంగా తెలియదు. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో ఈ వైద్యం చేసే అనుభవజ్ఞులైన కైరోప్రాక్టర్లు ఫలానా కీలు అని గురి పెట్టి తోస్తే, నడుము భాగంలో చప్పుడు సగటున 5 సెంటీమీటర్లకు పైగా దూరంలో పుట్టింది. అంటే కనీసం ఒక పూస అటో ఇటో. చప్పుడు వచ్చినవారికీ రానివారికీ ఉపశమనంలో తేడా లేదని ఇంకొన్ని అధ్యయనాలు తేల్చాయి. వీడియోలలో చప్పుడు పెద్దగా వినిపించడానికి కాలర్ మైకు ఎంత కారణమో చెప్పనవసరం లేదు.

ఇక పుట్టుక సంగతి. 1895 సెప్టెంబరు 18న అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన, ఆ భవనంలో ఊడ్చే పని చేసే హార్వీ లిలర్డ్ వీపు మీద ఉబ్బెత్తుగా కనిపించిన పూసను చేత్తో నొక్కగా, ఏళ్ల తరబడి లేని వినికిడి తిరిగి వచ్చిందని చెప్పుకున్నాడు. పామర్ అంతకుముందు అయస్కాంత చికిత్సకుడుగా పేరున్నవాడు, డాక్టరు కాదు. చెవి నుంచి మెదడుకు పోయే నాడి పుర్రె లోపలే ఉంటుంది గాని వీపు దాకా దిగదు కాబట్టి, ఆ కథను శరీరనిర్మాణం తెలిసినవారు అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోరు. పామర్ మాత్రం అక్కడితో ఆగక, నూటికి 95 జబ్బులు పూసలు చోటు తప్పడం వల్లనే వస్తాయని 1910 నాటి తన పుస్తకంలో రాశాడు. చోటు తప్పడాన్ని సబ్‌లక్సేషన్ అన్నాడు. గ్రీకు భాషలో చేతికీ, చేసే పనికీ ఉన్న మాటలు కలిపి కైరోప్రాక్టిక్ అన్న పేరు కూర్చింది ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒక పాస్టరు. 1897లో బడి పెట్టాడు. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906లో జైలుకూ వెళ్లాడు.

ఆ 1895 నవంబరులోనే జర్మనీలో రంట్‌జన్ ఎక్స్‌కిరణాలను కనిపెట్టాడు. ఒక ఖండంలో పూస జరిగిందని చేత్తో తడిమి చెబుతున్న సమయానికే, ఇంకో ఖండంలో జరిగిందో లేదో చూసే సాధనం పుట్టింది. విచిత్రమేమిటంటే ఆ సాధనం కైరోప్రాక్టిక్‌ను అణచలేదు. ఎక్స్‌రేలో చిన్న వంకర ఏది కనిపించినా అదే జబ్బుకు మూలమని చూపడానికి పనికొచ్చింది. ఆ పొరపాటు ఇప్పటికీ అందరిలోనూ ఉంది, మా వృత్తిలోనూ ఉంది.

"పూసల మధ్య గ్యాప్ వచ్చిందన్నరు సారూ" అన్న మాట నేను వారానికి పదిసార్లు వింటాను. పూసకూ పూసకూ మధ్య ఉండే డిస్క్ ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి అక్కడ ఖాళీ ఉన్నట్టు అగుపిస్తుంది. ఆ ఖాళీ ఉండవలసిందే. వయసుతో డిస్క్‌లో నీరు తగ్గి, ఖాళీ సన్నబడుతుంది. అంటే గ్యాప్ రావడం కాదు, తగ్గడం. డాక్టరు గారు "డిస్క్ స్పేస్ తగ్గింది" అన్న మాట ఇంటికి చేరేసరికి తలకిందులవుతుంది. "డిస్క్ జారింది" అనేది కూడా అలాంటిదే. డిస్క్ అంచులు పైపూసకూ కిందిపూసకూ గట్టిగా అతుక్కొని ఉంటాయి; సబ్బు బిళ్లలాగా అది జారదు. వెలుపలి వలయాలలో పగులు పడి, లోపలి మెత్తని గుజ్జు బయటికి ఉబుకుతుంది. ఉబికినది నరాన్ని రాపాడితే కాలులోకి నొప్పి దిగుతుందని 1934లో మిక్స్‌టర్, బార్ అనే బోస్టన్ వైద్యులు చూపించారు. ఉబికిన గుజ్జును శరీరమే చాలామందిలో మెల్లగా కరిగించుకుంటుందనీ, అది కూడా పెద్దగా బయటికి వచ్చినవారిలోనే ఎక్కువగా జరుగుతుందనీ తర్వాత తెలిసింది.

నొప్పి లేనివారి వెన్నులోనూ ఇవన్నీ ఉంటాయి. 1994లో ఏ నొప్పీ లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగానికి పైగా మందిలో ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బు కనిపించింది. 2015లో నొప్పి లేని 3,110 మంది చిత్రాలను కలిపి చూసిన సమీక్షలో డిస్క్ అరుగుదల ఇరవై ఏళ్లవారిలో నూటికి 37 మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 మందికి ఉన్నట్టు తేలింది. ఈ అంకెలు నేను తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి గోడకు పెట్టాను. రిపోర్టు కాగితం పట్టుకొని భయపడుతూ వచ్చిన వాళ్లకు నా మాట కన్నా ఆ గోడే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

మరి వెన్నును చేత్తో తోసి సరిచేసే వైద్యం పనికిరానిదా? అలా అనలేను. వృత్తిపరమైన అసూయ నాకు లేదనను, కాని పరిశోధన నా అసూయ కోసం మారదు. 1998లో అమెరికాలో నడుమునొప్పి ఉన్న 321 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టును కైరోప్రాక్టర్ల దగ్గరికి, ఒక జట్టును నడుము వ్యాయామాల మెకెంజీ పద్ధతి ఫిజియోథెరపీకి పంపి, మూడో జట్టుకు ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టి పంపారు. మొదటి రెండు జట్లకూ తేడా లేదు; పుస్తకం తీసుకున్నవారి కన్నా వాళ్లు మెరుగైంది కూడా స్వల్పమే. 2017లో కొత్తగా మొదలైన నడుమునొప్పి మీద వచ్చిన సమీక్ష, వెన్నును తోసే చికిత్స వల్ల వందకు లెక్కేస్తే నొప్పి పది పాయింట్ల మేర తగ్గుతుందన్నది. దీర్ఘకాలపు నొప్పి మీద 47 పరీక్షలను, 9,211 మందిని కలిపి చూసిన 2019 సమీక్ష, అది వ్యాయామం వంటి ఇతర సిఫారసు చికిత్సలతో సమానమే, ఎక్కువ కాదు, తక్కువ కాదు అని తేల్చింది. పూసల వల్లనే నూటికి 95 జబ్బులన్న మాటకు మాత్రం ఆధారమేదీ దొరకలేదు. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే మండలే, సబ్‌లక్సేషన్ జబ్బులకు కారణమని చెప్పుకోవడానికి పరిశోధనా బలం లేదని 2010లో తన సభ్యులకు తెలియజేసింది.

వేళ్లను ఎమ్మారైలో లాగి చూసిన కావ్‌చుక్ కైరోప్రాక్టరే. 2018లో లాన్సెట్ పత్రికలో నడుమునొప్పి మీద వచ్చిన వ్యాసాల వరుసలో మొదటిదానికి ముఖ్య రచయితగా ఉన్న యాన్ హార్ట్‌విగ్‌సెన్ కూడా కైరోప్రాక్టరే. ఆయన పనిచేసే డెన్మార్క్ విశ్వవిద్యాలయంలో కైరోప్రాక్టిక్ విద్యార్థులు మొదటి సంవత్సరాలు వైద్య విద్యార్థులతో కలిసి చదువుతారు. సొంత ఇంటి పునాదిని తవ్వి చూడగలిగినవాళ్లు ఆ వృత్తిలో ఉన్నారు. అందుకే దాన్ని మొత్తంగా మోసమని కొట్టేసేవారితో నాకు పొత్తు కుదరదు.

మా ఇంటి పునాది సంగతీ చెప్పాలి గదా. దీర్ఘకాలపు నడుమునొప్పికి ఆపరేషన్ లేని చికిత్సల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, రోగికి జబ్బు గురించి వివరించడం, కొన్ని షరతులతో వెన్నును చేత్తో కదిలించే చికిత్స అందులో సిఫారసు జాబితాలో ఉన్నాయి. నడుము బెల్టులు, నడుమును సాగలాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ చికిత్స, చర్మం మీద సన్నగా కరెంటు పెట్టే టెన్స్ యంత్రం వద్దనే జాబితాలో ఉన్నాయి. మా జిల్లాలో ఫిజియోథెరపీ అంటే జనానికి తెలిసింది ఈ రెండో జాబితానే. "పది రోజులు కరెంటు పెట్టించుకున్న సారూ" అంటారు. నా గదిలో ట్రాక్షన్ మంచం ఇంకా ఉంది. అప్పు తీరిన ఏడాదికే ఆ మార్గదర్శకాలు వచ్చాయి. ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం.

పరిశోధనలో ఇంకో చిక్కు ఉంది. మాత్రను పరీక్షించాలంటే అదే రంగులో ఉత్త చక్కెర బిళ్ల ఇవ్వవచ్చు. ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. చేతి వైద్యానికి అలా కుదరదు, తోసే చేతికి తాను నిజంగా తోసిందో నటించిందో తెలిసే ఉంటుంది. పైగా కొత్తగా పట్టుకున్న నడుమునొప్పి చాలామందిలో కొన్ని వారాలలో తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. మా మేనత్త ఎదురుకాళ్లతో పుట్టింది. నడుము పట్టినవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దున్నే వచ్చి, మా గడప ముందు బోర్లా పడుకునేవాళ్లు. ఆమె ఎడమకాలితో మూడుసార్లు నడుము మీద తాకించి, వెనక్కి చూడకుండా పొమ్మనేది. ఎంతోమందికి తగ్గింది. తగ్గనివాళ్లు మళ్లీ చెప్పడానికి రాలేదు. భరించలేనంత నొప్పి ఉన్న రోజునే మనిషి ఎవరి దగ్గరికైనా బయలుదేరుతాడు కాబట్టి, ఆ తర్వాత రోజులు ఎలాగూ కొంత మెరుగ్గానే ఉంటాయి. ఆ మెరుగు అత్త కాలికి దక్కింది, నా ట్రాక్షన్ మంచానికీ కొన్నేళ్లు దక్కింది, ఇప్పుడు వీడియోలోని చప్పుడుకు దక్కుతోంది. అత్త మాత్రం ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, ఎవరి మెడా తిప్పలేదు.

మెడ సంగతి వేరు. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకుపోయే రెండు ధమనులు మెడ పూసల పక్క రంధ్రాలలో నుంచి పైకి ఎక్కి, మొదటి పూస మీద మెలిక తిరిగి, పుర్రెలోకి పోతాయి. మెడను ఒక్కసారిగా తిప్పినప్పుడు ఆ ధమని లోపొర చిరిగి, గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికలలో ఉన్నాయి, అవి అరుదు. కెనడాలోని ఒంటారియోలో తొమ్మిదేళ్ల రికార్డులు చూసిన 2008 నాటి పరిశోధన, అలాంటి పక్షవాతానికి ముందు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే మామూలు డాక్టర్ల దగ్గరికి వెళ్లినవారూ ఉన్నారని చూపింది. అంటే కొందరిలో ధమని ముందే చిరిగి ఉండి, ఆ నొప్పితోనే వైద్యం కోసం వెళ్లారన్నమాట. కైరోప్రాక్టర్లకు ఇది ఊరటగా కనిపించవచ్చు గాని, నాకు భయం పెరిగింది. ఇదివరకు ఎన్నడూ ఎరగని మెడనొప్పి, తలనొప్పి, తల తిరుగుడుతో వచ్చిన మనిషిలో చిరుగు ముందే ఉండవచ్చుననే గదా దాని అర్థం. క్షవరం అయ్యాక దువ్వెన పక్కన పెట్టి, గడ్డం పట్టుకొని మెడను అటూ ఇటూ విరిచే అలవాటు మన సెలూన్లలో ఇంకా ఉంది. నేను కుర్చీ ఎక్కకముందే వద్దని చెబుతాను. మా సెలూన్ తమ్ముడు ప్రతిసారీ నొచ్చుకుంటాడు.

ఎవరు ఏ పని చేయాలన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. అమెరికాలో 1913లో కాన్సస్‌తో మొదలై 1974లో లూసియానాతో అన్ని రాష్ట్రాలూ కైరోప్రాక్టర్లకు చట్టపరంగా లైసెన్సు ఇచ్చాయి. వాళ్లతో కలిసి పనిచేయవద్దని తన సభ్యులను కట్టడి చేసిన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మీద 1976లో వేసిన దావాలో 1987లో కోర్టు కైరోప్రాక్టర్ల వైపు తీర్పు చెప్పింది. బ్రిటన్‌లో 1994 చట్టం ప్రకారం నమోదు కానివారు ఆ పేరు పెట్టుకోవడమే నేరం. మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు విడిగా చట్టబద్ధమైన మండలి లేదు. ఫిజియోథెరపీకి 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టంలో చోటు దొరికింది. కాబట్టి విదేశంలో ఏళ్ల తరబడి చదివి వచ్చినవారూ, వారాంతపు తరగతిలో సర్టిఫికెట్ తెచ్చుకున్నవారూ ఇక్కడ ఒకే బోర్డు కింద కూర్చోగలరు. గోడ మీది కాగితాన్ని చదివి తేడా పట్టుకోవలసిన భారం మర్రిగూడ నుంచి వచ్చిన రైతు మీద పడుతుంది.

ఆ వారాంతపు తరగతికి నేనూ వెళ్లాను. కొత్తలో, రెండు రోజులు. తిరిగి వచ్చిన వారంలోనే, నాట్లు వేసి వేసి వీపు పట్టిందని వచ్చిన ఒక పెద్దమ్మను బోర్లా పడుకోబెట్టి, వీపు మధ్యలో రెండు చేతులు ఆనించి, నేర్చుకున్నట్టే నొక్కాను. చప్పుడు వచ్చింది. నేను సంతోషించాను. ఆమె మాత్రం ఊపిరి తీయలేక పక్కకు ఒరిగింది. ఎక్స్‌రేలో పక్కటెముక విరిగి ఉంది. నెలసరి ఆగి పదిహేనేళ్లయిన మనిషి ఎముకలు ఎంత గుల్లబారి ఉంటాయో నాకు పుస్తకంలో తెలుసు, చేతులకు తెలియలేదు. ఆరు వారాలు ఆమె నాటుకు పోలేకపోయింది. ఆ కూలి డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు గాని, మళ్లీ నా దగ్గరికి రాలేదు.

తోయడం నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. ఎవరిని తోయకూడదో తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుంది. నా లెక్కలో వెన్ను వైద్యుడి పాత్ర ఎక్కువ భాగం ఆ రెండోదే. మూత్రం ఆగిపోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, రాత్రిపూట పెరిగే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, పాత క్యాన్సర్, తాటిచెట్టు మీది నుంచి పడడం వంటివి ఉంటే అది నా మంచం మీదికి ఎక్కించవలసిన మనిషి కాదు. చెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుణ్ని ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ల దగ్గర పట్టుకొని ఆటోలో కూర్చోబెట్టుకొని తెస్తారు. పూస విరిగి, లోపల వెన్నుపాముకు దెబ్బ తగలకుండా మిగిలి ఉంటే, ఆ ఎత్తడంలోనే అది తగలవచ్చు. తలుపు చెక్క మీదనో బల్ల మీదనో కదలకుండా చదునుగా పడుకోబెట్టి తేవాలని ఊరూరా చెప్పవలసిన పని కూడా మాదే, మేం చెప్పింది తక్కువే.

ఈ జాబితాకు మా జిల్లా ఇంకో పేరు చేర్చింది. మన కాళ్ల కింద గ్రానైటు, నైసు శిలలు. వాటిలోని ఫ్లోరైడ్ బావి నీళ్లలోకి, బోరు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం పల్లెలు తరాల తరబడి దానికి ఎన్నో రెట్లు తాగాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతిని ప్రపంచంలో ఎక్కడైనా "నల్లగొండ టెక్నిక్" అనే పిలుస్తారు. ఊరి పేరు పాఠ్యపుస్తకాలకెక్కే దారులలో ఇదొకటి.

తాగిన ఫ్లోరైడ్ ఎముక స్ఫటికంలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. ఎముక చిక్కబడుతుంది, ఎక్స్‌రేలో సుద్దలాగా తెల్లగా మెరుస్తుంది. చిక్కదనం వచ్చింది గదా అని గట్టిది అనుకోకూడదు, పెళుసుది. అంతకన్నా ముఖ్యం, పూసలను కలిపి ఉంచే లిగమెంట్లు మెల్లగా ఎముకగా మారుతాయి. పెద్దవాళ్లలో 26 ఎముకలు అటు ఇటుగా కదిలే గొలుసులా ఉండవలసిన వెన్ను, ఒకే కడ్డీ అవుతుంది. లోపలి వైపు పెరిగిన ఎముక వెన్నుపాము ఉండే కాలువను ఇరుకు చేస్తుంది. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ రోగులలో వెన్నుపాము ఎలా నలుగుతుందో డాక్టర్ డి. రాజారెడ్డి గారి వంటి న్యూరోసర్జన్లు దశాబ్దాల కిందటే వివరంగా రాశారు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి, పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. కాని నలభై దాటినవారి ఎముకలలో పాత బావి ఇంకా ఉంది. అలాంటి మెడను, వంగని కడ్డీని, లోపల చోటే లేని కాలువను ఒక్క ఊపున తిప్పితే ఏమవుతుందో నేను పరీక్షించి చూడదలచుకోలేదు.

పెద్దాయనను మంచం అంచున కూర్చోబెట్టి మోకాలి చిప్ప కింద సుత్తితో కొట్టాను. కాలు ఎగిరి నా ముంజేతికి తగిలింది. అరికాలి అంచు వెంబడి తాళంచెవితో గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోవలసింది పోయి పైకి లేచింది. నడుస్తుంటే చెప్పు జారిపోతుందా అని అడిగితే, "జారిపోతది సారూ, ఎనక్కి జూస్తె గాని తెల్వది" అన్నారు. కొడుకు ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నట్టున్నాడు. ఆ చెప్పు జారడమే నడుములోనో కాళ్లలోనో కాక పైన, మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోందని చెప్పింది. ముంజేతి ఎక్స్‌రే తీయించాను. రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర ముళ్లకంచెలాగా గట్టిపడి కనిపించింది. ఫ్లోరోసిస్‌కు అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

సిటీలోని టక్కుమనే అపాయింట్‌మెంట్‌ను నా ముందే రద్దు చేయించి, న్యూరోసర్జన్ పేరు మీద ఉత్తరం రాసిచ్చాను. మెడను ఎవరితోనూ, క్షవరం చేసేవారితో కూడా, తిప్పించవద్దని చెప్పాను. మూత్రం ఆగినా, చేతుల పట్టు సడలినా రాత్రనక పగలనక బయలుదేరాలని కొడుకు చేత రెండుసార్లు చెప్పించాను. వెళ్లేటప్పుడు అతను ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వంగి, నేల మీద మిగిలిపోయిన రూపాయి బిళ్లను తీసి బల్ల మీద పెట్టాడు.

మొన్న ఫోను చేశాడు. ఎమ్మారైలో మెడ దగ్గర మూడు పూసల పొడవున కాలువ బాగా ఇరుకైందట, వెనుక నుంచి ఎముక తీసి చోటు చేయాలన్నారట. నలిగిపోయినది తిరిగి రాకపోవచ్చు గాని ఇంకా నలగకుండా ఆగవచ్చునని కూడా సర్జన్ గారు దాచకుండా చెప్పారట. పెద్దాయన మాత్రం బత్తాయి కాపు దిగాక చూద్దామంటున్నారు. ఆదివారం నేనే వాళ్ల ఊరు వెళ్లి మాట్లాడతానని చెప్పాను.